ద్రాక్షతోటల భూములు, తూర్పు హైదరాబాద్
ఫ్రాన్సులోని బోర్డోలో ద్రాక్షతోట కొనేవారు తీగలతో సహా కొంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల జరిగింది దాదాపు తలకిందుల కథ: తీగలు పోయాకే భూమికి గిరాకీ పెరిగింది.

ఇక్కడి ద్రాక్షకు పేరు తెచ్చింది అనాబ్-ఎ-షాహీ. లేత తేనె రంగులో, గింజలున్న పెద్ద పండు. వైన్‌కి కాదు, తినడానికే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దీన్ని హైదరాబాద్‌లో ప్రవేశపెట్టారని చెబుతారు. పందిళ్ల మీద పెంచే ఈ రకం విపరీతంగా కాసేది. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా ద్రాక్షకు పెట్టింది పేరు; దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఆ జిల్లాలోనివే. తరవాత బోర్లు ఎండాయి, కూలి ఖర్చులు పెరిగాయి, గింజలేని థామ్సన్ రకానికి ఆదరణ పెరిగింది.

తోటల స్థానంలో ప్లాట్లు వచ్చాయి; నిజానికి భూమిని ప్లాట్లు చేయడం ఇక్కడ కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరే జాగీర్దార్ దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ తన పొలాలను ముక్కలుగా అమ్మడం వల్ల వచ్చిందంటారు. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలికలు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిశాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో మొదలైంది. ఇక భూమి ధరల సంగతి వేరే చెప్పాలా!

ఫ్రాన్సులో వ్యవసాయ భూమి అమ్మకానికి వస్తే ముందుగా కొనే హక్కు సాఫెర్ అనే సంస్థకుంది. ఇక్కడ అలాంటి అడ్డు లేదు. ద్రాక్షతోటలు పోయినట్టే, పండ్ల బేరాలతో కిక్కిరిసిన గడ్డిఅన్నారం మార్కెట్ కూడా కొత్తపేట వదిలి వెళ్లిపోయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.