పడిగె నుంచి ట్యాబు దాకా: మన చదువుల్లో సాంకేతికత

విద్యలో సాంకేతికత అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చేవి కంప్యూటరు, ప్రొజెక్టరు, ట్యాబు, సెల్‌ఫోను. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న యువతను అడిగినా ఇవే చెబుతారు. ఆ మాటకు అసలు అర్థం ఇంతకంటే పెద్దది. తెలిసినవారి దగ్గరున్న తెలివి తెలియనివారికి చేరడానికి, చేరింది మరుపున పడకుండా ఉండడానికి మనిషి తయారు చేసుకున్న ప్రతి సాధనమూ, దాన్ని వాడే పద్ధతీ విద్యా సాంకేతికతే. పలకా బలపమూ, నల్లబల్లా, అచ్చు వేసిన వాచకమూ ఒకప్పుడు కొత్త సాంకేతికతలే.

ఈ అర్థంలో చూస్తే మన ఆదివాసీలకు సాంకేతికత బయటివారు మొదటిసారి తెచ్చి ఇచ్చింది కాదు. మనకూ దానికీ పాత సంబంధం ఉంది. ఆ చరిత్రను యువతకు, తోటి ఉపాధ్యాయులకు క్లుప్తంగా చెప్పాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం. చదివేటప్పుడు ప్రతి సాధనం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. అది ఏ భాషలో మాట్లాడింది? అది ఎవరి చేతిలో ఉంది?

బడి కంటే ముందు

గోదావరి ప్రాంతంలోని కోయల దగ్గర పడిగె ఉంది. అది బొమ్మలతో కూడిన గుడ్డ జెండా. ఆ బొమ్మల్లో గోత్రపు పుట్టుక, మూలపురుషుల ప్రయాణం, వేల్పుల కథ ఉంటాయి. కోయ డోలీలు పడిగెను ముందు పెట్టుకుని, డోలు వాయిస్తూ ఆ చరిత్ర పాడతారు. వినేవాళ్లు చెవితో కథ వింటారు, కంటితో బొమ్మ చూస్తారు. దృశ్యమూ శ్రవణమూ కలిస్తే పాఠం బాగా గుర్తుంటుందని శిక్షణ కళాశాలల్లో బోధనోపకరణాల పాఠంలో చెబుతారు. ఆ సంగతి మన డోలీలకు ఎప్పుడో తెలుసు.

ఆదిలాబాద్ గోండుల దగ్గర ఈ పని ప్రధానులు, తోటీలు చేశారు. ప్రధాను కిక్రి వాయిస్తూ పెద్దదేవుడి పూజలో వంశకథ అంతా చెబుతాడు. ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి ఎవరితో వియ్యం కుదురుతుంది, ఏది నిషేధం అన్నదంతా ఆ కథలోనే ఉంటుంది. కాగితం మీద ఒక్క అక్షరం లేకుండా ఇంత చరిత్ర తరాల మీదుగా వచ్చింది. ఇక్కడ సాధనం మన భాషలో ఉంది, మనవాళ్ల చేతిలో ఉంది.

అయితే ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. పాడేవాడు పోతే పాట పోతుంది. కోయల చరిత్రను డోలుతో పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయనంతటి గాయకులు ఎంతమంది మిగిలారో ఎవరి గూడెంలో వాళ్లు లెక్క చూసుకోవాలి. రాతా, ధ్వనిముద్రణా మనకు ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

సవరల కోసం అచ్చుపుస్తకం

మన భాషలు బడిపుస్తకం రూపం తీసుకోవడం వందేళ్ల కిందటే మొదలైంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారిని (1863–1940) తెలుగువాళ్లు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గుర్తు పెట్టుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నారు. సవరలకు ఆయన చేసిన పని బడిలో చాలా తక్కువగా చెబుతారు. ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మందు వల్ల వినికిడి దెబ్బతింది. అయినా ఆగకుండా సవర పాటలు, కథలు సేకరించారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడి నడిపారు. 1931లో సవర వ్యాకరణ గ్రంథం, తరువాత సవర నిఘంటువు వెలువడ్డాయి.

1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు ప్రత్యేకంగా ఒక లిపి తయారు చేశారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. ఒకరు బయటి నుంచి వచ్చి భాష నేర్చుకున్నారు, ఇంకొకరు లోపలి నుంచి లిపి ఇచ్చారు. భాషకు రెండూ మేలు చేశాయి.

మార్లవాయి

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నేలకొరిగిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పనికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నారు. భూమి పట్టాలతో పాటు చదువు కూడా కావాలని ఆయన చెప్పారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణా కేంద్రం మొదలైంది.

అప్పుడు రాజ్యం భాష ఉర్దూ. మా ప్రాంతంలో అక్షరం ముక్క వచ్చిన కొద్దిమంది గోండులకు తెలిసింది మరాఠీ. అందుకని గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. చదువు గోండీతో మొదలయ్యేది, తరువాత ఇతర భాషలు వచ్చేవి. పాఠాలు చెప్పినవాళ్లు గోండు యువకులే. భవనాలు లేవు, పెద్ద పరికరాలు లేవు. నల్లబల్ల, పలక, గోండీ పుస్తకం, ఊరి భాష వచ్చిన పంతులు ఉన్నారు. విద్యా సాంకేతికత గురించి మాట్లాడే ప్రతి సభలోనూ మేము మార్లవాయి పేరు చెప్పడానికి కారణం ఇదే. పరికరం చిన్నదైనా భాష కుదిరింది, మనిషి కుదిరాడు.

ఒకే రోజున రెండు సంగతులు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆదిలాబాద్ జిల్లా తెలుగు రాష్ట్రంలో భాగమైంది. అదే రోజున రాజ్యాంగ ఏడవ సవరణ కూడా అమలులోకి వచ్చింది. దానితో చేరిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలను కోరింది. చట్టంలో ఆ మాట ఉన్నా, మా బడుల్లో తెలుగు వాచకమే వచ్చింది. గోండీ వాచకాలు పక్కకు పోయాయి.

దీని ఫలితం మేము తరగతిలో రోజూ చూస్తున్నాం. ఒక చిన్న ఉదాహరణ. గోండీలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి గోండు పిల్లవాడు గ్లాసులో నీళ్ల బొమ్మ చూసి "ఏర్" అంటే, గోండీ రాని ఉపాధ్యాయుడు తప్పు అంటాడు. పిల్లవాడు చెప్పింది తన భాషలో ఒప్పే. ఇలా నాలుగుసార్లు తప్పు అనిపించుకున్న పిల్లవాడు ఐదోసారి నోరు తెరవడు. వాడికి చదువు రాదని రిజిస్టరులో మాత్రం పడుతుంది.

1986 జాతీయ విద్యా విధానం ప్రారంభ దశలో గిరిజన భాషల్లో బోధనా సామగ్రి తయారు కావాలని చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం కింద బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, పటాలు, ఆట వస్తువులు ఉండాలన్నారు. గదులూ పటాలూ చాలా గూడేలకు వచ్చాయి. పటాల మీద పేర్లు మాత్రం తెలుగులోనే ఉన్నాయి.

ఆకాశం నుంచి పాఠాలు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాని పేరు సైట్. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. కరెంటు సరిగ్గా లేని పల్లెలో కూడా బడి ముందు పిల్లలు టీవీ చూశారు. ఉపాధ్యాయులకూ శిక్షణ ఇచ్చారు. పేద పల్లెల పిల్లలకు ఉపగ్రహం అందించవచ్చని ప్రపంచానికి మొదట చూపించిన దేశాల్లో మనది ఒకటి. ఇది గర్వించదగ్గ విషయం. ప్రసారం హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషల్లో జరిగింది. ఆదివాసీ భాషకు అందులో చోటు లేదు.

తరువాత 2004లో విద్య కోసమే ప్రత్యేకంగా ఎడ్యుసాట్ ఉపగ్రహాన్ని పంపారు. తెలంగాణలో 2017 నుంచి టీ-శాట్ చానళ్లు పాఠాలు ఇస్తున్నాయి. వీటి వల్ల ఆశ్రమ పాఠశాల పిల్లలు పోటీ పరీక్షలకు మంచి పాఠాలు వినగలుగుతున్నారు. పెద్ద తరగతులకు ఇది నిజమైన మేలు. చిన్న తరగతుల్లోనే లోటు ఉంది.

ఎనిమిది భాషల వాచకాలు

ఆ లోటు తీర్చే ప్రయత్నం 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే మన భాషల వాచకాలు వేశారు. వాటిని తయారు చేయడానికి ఆదివాసీ ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు కూర్చున్నారు. ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకెళ్లే పద్ధతి అది. అక్షరం చూసిన పిల్లవాడికి అందులో తన ఇంటి మాట కనిపించడం చిన్న విషయం కాదు. ఇలాంటి పని ఏడాదికో రెండేళ్లకో ఆపేది కాదు. ఉపాధ్యాయుడు బదిలీ అయినా, అధికారి మారినా సాగాలి. మన దగ్గర అది అన్ని చోట్లా ఒకేలా సాగలేదు.

కరోనా నేర్పిన పాఠం

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఏ ఇంట్లో టీవీ ఉంది, ఏ ఇంట్లో ఫోను ఉందని ఉపాధ్యాయులం గూడెం గూడెం తిరిగి జాబితాలు రాశాం. కొన్ని గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఇంటికి ఒక్క ఫోను ఉంటే అది తండ్రితో పాటు చేనుకు పోతుంది. ఫోను దొరికిన చోట కూడా ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు తెర మీద వేగంగా సాగే తెలుగు, ఇంగ్లీషు పాఠాన్ని అందుకోలేకపోయారు. చెట్టు కింద నలుగురిని కూర్చోబెట్టి, అదే పాఠాన్ని ఎవరైనా గోండీలోనో కోయలోనో చెప్పిన చోట పిల్లలు నిలిచారు.

అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం, వీలైన చోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని చెప్పింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది. ఇలా పరికరాలు వస్తూనే ఉంటాయి. వాటిని వద్దనవలసిన అవసరం లేదు. వాటిలో ఏముండాలో అడిగే హక్కు మనకు ఉంది.

మన అక్షరాలు ఫోనులోకి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు పాత రాతప్రతులు దాచి ఉంచారు. అవి గోండీకి సొంతమైన లిపిలో ఉన్నాయి. చదవగలిగినవాళ్లు కొద్దిమంది పెద్దలే మిగిలారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మన గోండు పెద్దలు కలిసి ఆ లిపిని వెలుగులోకి తెచ్చారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ ఒప్పుకున్న అక్షరాల పట్టిక. అందులో చోటు దొరికితేనే ఒక అక్షరం ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు చెడిపోకుండా వెళ్తుంది. మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో రూపొందించిన గోండీ లిపి 2017లో, సొరాంగ్ సొంపెంగ్ 2012లో అక్కడ చేరాయి.

2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యాప్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండీ ఉంది. ఇలాంటి యంత్రం తనంతట తాను భాష నేర్చుకోదు. మనుషులు రాసిన, మాట్లాడిన వాక్యాలను వేల సంఖ్యలో ఇస్తేనే నేర్చుకుంటుంది. గోండీ అనేక రాష్ట్రాల్లో ఉంది. బస్తర్ గోండీకి, ఆదిలాబాద్ గోండీకి తేడాలున్నాయి. మన వైపు నుంచి మాటలు వెళ్లకపోతే, రేపు మన పిల్లల ఫోనులో వినిపించే గోండీ మన అవ్వ మాట్లాడే గోండీ కాకుండా పోతుంది. అప్పుడు పిల్లవాడు మళ్లీ తప్పు అనిపించుకుంటాడు. ఈసారి తప్పు అనేది యంత్రం.

మనం చేయవలసింది

ఈ చరిత్ర అంతటా ఒక విషయం కనబడుతోంది. పడిగె, సవర పుస్తకం, మార్లవాయి వాచకం, ఎనిమిది భాషల వాచకాలు తక్కువ ఖర్చుతోనే పనిచేశాయి. వాటిలో పిల్లల భాష ఉంది. ఉపగ్రహమూ తెరా ఎంత గొప్పవైనా చిన్న పిల్లల దగ్గర ఆగిపోయాయి. వాటిలో ఆ భాష లేదు.

కాబట్టి యువతకు మా మనవి. మీ చేతిలో ఫోను ఉంది. మీ గూడెంలో ప్రధాను, తోటి, డోలీ, పటేలు, పాటలు తెలిసిన అవ్వలు ఎవరున్నారో చూడండి. వాళ్ల అనుమతి అడిగి, ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ అని ముందు చెప్పి రికార్డు చేయండి. పూజలో తప్ప పాడకూడని పాటలుంటాయి. వాటి విషయంలో పెద్దల మాట వినండి. రికార్డు చేసింది ఒక్క ఫోనులోనే ఉంచకండి. బడిలో, గ్రామసభ దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి.

తోటి ఉపాధ్యాయులకు. టీవీ పాఠం నడిచేటప్పుడు మధ్యలో ఆపి, పిల్లల భాషలో ఒకసారి చెప్పండి. భాష రాకపోతే పెద్ద తరగతి పిల్లలతో చెప్పించండి. పిల్లల మాటలతో చిన్న నిఘంటువు ఒకటి నోటుపుస్తకంలో మొదలుపెట్టండి. శిక్షణ సమావేశంలో కొత్త పరికరం చూపించినప్పుడు, ఇందులో గోండీ ఉందా, కోయ ఉందా, కొలామీ ఉందా అని అడగండి. లేదంటే, తయారు చేయడానికి మమ్మల్ని పిలవండని రాసి ఇవ్వండి.

మార్లవాయిలో చదువు చెప్పిన మొదటి గోండు పంతుళ్లకు కరెంటు కూడా లేదు. మనకు అంతకంటే చాలా ఉంది. వాళ్లు చేసిన పనిని వదిలిన చోటి నుంచి అందుకుంటే, మన పిల్లలు తెర ముందు కూడా నోరు తెరిచి జవాబు చెబుతారు.