రిప్లీ నవలలు

అమెరికన్ రచయిత్రి ప్యాట్రిషియా హైస్మిత్ (1921–1995) 1955 నుంచి 1991 వరకు రాసిన ఐదు అపరాధ నవలలకు ఇది ఉమ్మడి పేరు. కథానాయకుడు టామ్ రిప్లీ మోసగాడు, దొంగ సంతకాలలో ఆరితేరినవాడు, హంతకుడు. ఐదింటిలో ఏ ఒక్కదానిలోనూ చట్టానికి చిక్కడు. మొదటి పుస్తకంలో పారిన పాచికనే మళ్లీ మళ్లీ వేయడం వరుస నవలల్లో పరిపాటి. హైస్మిత్ మాత్రం ప్రతిసారీ రిప్లీని అంతకుముందు ఎరగని స్థితిలో నిలబెట్టారు.

జిత్తులమారిని కథకు కేంద్రం చేసే సంప్రదాయం ఐరోపాలో 1554 నాటి స్పానిష్ రచన 'లాజరిల్యో దె తోర్మెస్' నుంచీ ఉంది. హార్నంగ్ సృష్టించిన రాఫిల్స్, 1905లో మారిస్ లెబ్లాం ప్రవేశపెట్టిన ఆర్సెన్ లూపెన్ పెద్దమనిషి దొంగలుగా పేరుపొందారు. రిప్లీ కూడా ఆ కోవలోవాడే, కాకపోతే హంతకుడు కూడా.

హైస్మిత్ తొలి నవల 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్' 1950లో వెలువడగా, మరుసటి ఏడాదే హిచ్‌కాక్ దాన్ని సినిమాగా తీశారు. 1952లో ఆమె ఇటలీలోని పొసితానోలో ఉన్నప్పుడు, ఒక వేకువన హోటల్ బాల్కనీ నుంచి చూస్తే, నిక్కరు, చెప్పులు వేసుకుని భుజాన తువ్వాలుతో ఒక యువకుడు ఇసుకలో ఒంటరిగా నడుస్తూ కనిపించాడు. ఆమె అతనితో మాట్లాడలేదు, మళ్లీ చూడనూ లేదు. రిప్లీ ఊహకు మూలం ఆ దృశ్యమే.

'ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' (1955)లో టామ్ న్యూయార్క్‌లో పన్నుల అధికారినని చెప్పుకుంటూ జనాన్ని మోసగించే పాతికేళ్ల బీదవాడు. తల్లిదండ్రులు నీట మునిగి పోవడంతో పిన్ని చేతి కింద పెరిగాడు. పడవల కర్మాగారం యజమాని గ్రీన్‌లీఫ్ అతనికి దారి ఖర్చులిచ్చి, ఇటలీలో ఉండిపోయిన తన కొడుకు డికీని ఇంటికి తెమ్మని పంపిస్తాడు. టామ్ ఆ డికీనే సాన్ రెమో దగ్గర పడవలో తెడ్డుతో కొట్టి చంపి, అతని ఉంగరాలు తొడుక్కుని, అతని పేరుతో ఉత్తరాలు టైపు చేస్తూ బతుకుతాడు. హత్యకు కారణం డబ్బు ఒక్కటే కాదు. డికీకి తనంటే మొహం మొత్తిందన్న సంగతి టామ్ భరించలేకపోయాడు. చివరికి శిక్షకు బదులు అతనికి డికీ ఆస్తి దక్కుతుంది. నేరానికి శిక్ష పడి తీరాలన్న ఆనాటి ఆనవాయితీని ఇంత నిబ్బరంగా పక్కన పెట్టిన అపరాధ నవలలు అరుదు. అమెరికన్ మిస్టరీ రచయితల సంఘం ఈ నవలకు ప్రశంసాపత్రం ఇచ్చింది. స్నానాల గది గోడకు తగిలించిన ఆ పత్రానికి బూజు పట్టింది. అద్దం తీసి తుడిచినప్పుడు హైస్మిత్ తన పేరుకు ముందు 'మిస్టర్ రిప్లీ' అని కూడా చేర్చారు. అసలు గౌరవం అతనిదేనని ఆమె అభిప్రాయం.

పదిహేనేళ్ల తర్వాత వచ్చిన 'రిప్లీ అండర్ గ్రౌండ్' (1970)లో అతను ఫ్రాన్స్‌లో బెల్ ఓంబ్ర్ అనే భవంతికి యజమాని, సంపన్నుల అల్లుడు. చనిపోయిన చిత్రకారుడు డెర్వాట్ పేరిట నకిలీ బొమ్మలు అమ్మే ముఠాలో వాటాదారు. ఆ గుట్టు కనిపెట్టిన అమెరికన్ మర్చిసన్‌ను తన నేలమాళిగలోనే వైన్ సీసాతో కొట్టి చంపుతాడు. ఒకప్పుడు పరాయి హోదా కోసం చంపినవాడు ఇప్పుడు సొంత హోదా నిలుపుకోవడానికి చంపుతున్నాడు.

'రిప్లీస్ గేమ్' (1974) ఈ వరుసలో ఉత్తమమైనది. ఫోటెన్‌బ్లోలో పటాలు కట్టే జోనథన్ ట్రెవనీ రక్త క్యాన్సర్ రోగి. ఒక విందులో అతను టామ్‌తో చులకనగా ఒక మాట అంటాడు. ఆ మాట పట్టుకుని టామ్ అతన్ని కిరాయి హత్యల్లోకి దించే పథకం వేస్తాడు. తీరా రెండో హత్య వేళకు తానే రైలెక్కి అతని వంతు పని ముగిస్తాడు. ఇక్కడ రిప్లీలో పశ్చాత్తాపం లేదు గాని, తను మొదలుపెట్టిన దానికి తనదే పూచీ అన్న పట్టింపు మొదటిసారి కనిపిస్తుంది. ట్రెవనీ మరణించాక అతని భార్య వీధిలో టామ్‌పై ఉమ్మేస్తుంది. ఆ కిరాయి హత్యల డబ్బు మాత్రం ఉంచుకుంటుంది. మంచివారిని కూడా నేరం ఎలా అంటుకుంటుందో ఈ ఘట్టం అద్భుతంగా చూపుతుంది.

'ద బాయ్ హూ ఫాలోడ్ రిప్లీ' (1980)లో తండ్రిని చంపిన పదహారేళ్ల ఫ్రాంక్‌కు టామ్ సంరక్షకుడవుతాడు. 'రిప్లీ అండర్ వాటర్' (1991)లో ప్రిచర్డ్ అనే వ్యక్తి మర్చిసన్ శవం కోసం కాలువలు గాలిస్తూ టామ్‌ను వేధిస్తాడు.

తొలి నవలను 1960లో రెనె క్లెమాం అలెన్ డెలాన్‌తో చిత్రించి, ముగింపులో రిప్లీ దొరికిపోయేలా మార్చారు. హైస్మిత్‌కు ఆ మార్పు నచ్చలేదు. మూడో నవల ఆధారంగా విమ్ వెండర్స్ 'ద అమెరికన్ ఫ్రెండ్' (1977) తీశారు. 1999లో ఆంథనీ మింగెల్లా చిత్రంలో మాట్ డేమన్, 2024లో స్టీవెన్ జైలియన్ ఎనిమిది భాగాల నలుపు తెలుపు ధారావాహికలో ఆండ్రూ స్కాట్ రిప్లీగా నటించారు.