మాల్దీవుల తలరాత మార్చిన రన్‌వే

1972 ఫిబ్రవరిలో తొలి ఇటాలియన్ యాత్రికుల బృందం మాల్దీవుల్లో దిగేనాటికి అక్కడ ఒక్క హోటల్ కూడా లేదు. రాజధాని మాలేలోని ఇళ్లలోనే వాళ్లకు బస ఇచ్చారు. ఆ దేశానికి అప్పటి ఆధారం సూర చేపల వేట. ఎండబెట్టిన చేప సిలోన్‌కు వెళ్లేది, బియ్యం బయటి నుంచి రావాలి.

ఆ యాత్రికులు రాగలిగారంటే కారణం మాలే పక్కనున్న హుల్హులే దీవి. 1960లో అక్కడ ఇనుప రేకులు పరిచి రన్‌వే వేశారు. ఉప్పుగాలికి రేకులు ఎన్నాళ్లు ఆగుతాయి? నాటి ప్రధాని ఇబ్రహీం నాసిర్ హయాంలో తారు రన్‌వే వేశారు. స్వచ్ఛందంగా వచ్చిన జనం కూడా ఆ పనిలో చెమటోడ్చారు. 1966 ఏప్రిల్‌లో అది ప్రారంభమైంది. మాల్దీవుల పర్యాటక చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా హోటళ్ల యజమానులనే తలుస్తారు. ఆ కూలిపని చేసినవాళ్లకూ అందులో చోటు దక్కాలి.

ఇటలీ ట్రావెల్ ఏజెంట్ జార్జ్ కార్బిన్, ముగ్గురు మాల్దీవుల యువకులు కలిసి 1972 అక్టోబరులో తొలి రిసార్టు కురుంబా తెరిచారు. ముప్పై గదులు, పగడపు రాతి గోడలు, కొబ్బరాకుల కప్పు. ఆ ఏడాది వచ్చినవాళ్లు వెయ్యికి అటూఇటూ. 1981లో హుల్హులే విమానాశ్రయం అంతర్జాతీయ స్థాయికి చేరాక ఐరోపా నుంచి పెద్ద విమానాలు నేరుగా దిగసాగాయి. అయినా పడవ పోగలిగినంత దూరమే వ్యాపారం. నీటిమీద వాలే చిన్న విమానాలు వచ్చాకే దూరపు పగడపు దీవులకు రిసార్టులు పాకాయి. ఆ విమానాలు నేటికీ పగటి వెలుగులోనే ఎగురుతాయి.

2024లో 20 లక్షల మందికి పైగా యాత్రికులు వచ్చారు. దేశ జనాభా సుమారు 5 లక్షలు!

ఒక దీవికి ఒక రిసార్టు పద్ధతి వల్ల విదేశీయులు ఒకచోట, స్థానికులు మరోచోట ఉండిపోయారు. ఆదాయంలో పెద్దవాటా యజమానులకే చేరింది. రిసార్టుల చెత్త మాలే దగ్గరి తిలఫుషి దీవిలో గుట్టలు పడింది. 2009 తర్వాత జనం నివసించే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు అనుమతి దొరికింది. ఒకప్పటి జాలరి పల్లె మాఫుషి ఇవాళ వాటితో నిండిపోయింది. ఈ దేశం తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా న్యాయంగా తోచేది ఆ అనుమతే.

సినిమా తారల ఫొటోలు చూసి మాల్దీవులకు బయల్దేరే తెలుగువాళ్లారా, రెండు రోజులైనా మాఫుషి లాంటి ఊళ్లో ఉండండి. అక్కడ మద్యం దొరకదు, వీధుల్లో నిండుగా బట్టలు కట్టుకోవాలి. మీ డబ్బు మాత్రం ఆ ఊరి ఇళ్లకు చేరుతుంది.