స్థానిక సంస్థల స్టాండింగ్ కౌన్సిల్

స్టాండింగ్ కౌన్సిల్ అనగా గ్రామ పంచాయతీ, పురపాలక సంఘం, నగరపాలక సంస్థ వంటి స్థానిక సంస్థలకు న్యాయ సలహాలు ఇచ్చుటకు, వాటి తరఫున న్యాయస్థానాలలో వాదించుటకు నియమితుడైన న్యాయవాది. ప్రభుత్వ ప్లీడరు రాష్ట్ర ప్రభుత్వ పక్షాన వాదిస్తాడు. స్టాండింగ్ కౌన్సిల్ స్థానిక సంస్థ పక్షాన వాదిస్తాడు.

ఆవశ్యకత

చట్టం దృష్టిలో స్థానిక సంస్థ ప్రభుత్వం కంటే వేరైన ఒక వ్యక్తి వంటిది. ఆంధ్ర ప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టం (1994), తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టం (2018) ప్రకారం గ్రామ పంచాయతీ తన పేరుతోనే ఆస్తిని కలిగి ఉండవచ్చు, దావా వేయవచ్చు. దానిపై ఇతరులు కూడా దావా వేయవచ్చు. కనుక వాయిదాకు పంచాయతీ తరఫున ఎవరూ హాజరు కాకపోతే ఏకపక్ష తీర్పు వెలువడవచ్చు. దానివలన నష్టపోయేది ఊరి ఉమ్మడి ఆస్తి.

సలహా

పన్ను డిమాండు, టెండరు ఒప్పందాలు, అంగళ్ళ లీజులు, ఆక్రమణల తొలగింపు వంటి విషయాలలో ఉత్తర్వు జారీ చేయుటకు ముందే న్యాయ సలహా తీసుకొనుట ముఖ్యం. ఉదాహరణకు, 2024 నవంబరు 13న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కట్టడాన్ని కూల్చుటకు ముందు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. రోడ్డు, కాలిబాట వంటి బహిరంగ స్థలాలలోని అనధికార కట్టడాలకు ఈ ఆదేశం వర్తించదు. దీనిని ఉల్లంఘించిన అధికారులు స్వంత ఖర్చుతో నష్టాన్ని పూరించవలసి ఉంటుంది.

కాలపరిమితి కూడా ఇటువంటి అంశమే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఆక్రమణకు గురైన తన స్థిరాస్తి స్వాధీనానికి సాధారణ వ్యక్తి 12 సంవత్సరాలలోగా దావా వేయాలి. బహిరంగ వీధి లేదా రోడ్డు విషయంలో స్థానిక సంస్థకు 30 సంవత్సరాల గడువు ఉన్నది.

రత్లాం కేసు

మధ్య ప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కాలువలు, మరుగుదొడ్లు లేక, మద్యం కర్మాగారపు వ్యర్థ జలాల దుర్వాసనతో బాధపడిన ఒక వార్డు ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. పురపాలక సంఘం తన వద్ద నిధులు లేవని వాదించింది. 1980లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, జస్టిస్ ఓ.చిన్నపరెడ్డిల సుప్రీం కోర్టు ధర్మాసనం ఈ వాదనను తిరస్కరించి, పనులు పూర్తి చేయుటకు గడువు విధించింది. ప్రజారోగ్యం చట్టబద్ధమైన విధి గనుక నిధుల కొరత సాకు కాజాలదని ఈ తీర్పు సారాంశం. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను అమలులో ఉన్నది.

స్టాండింగ్ కౌన్సిల్ కర్తవ్యం కేసు గెలిపించుటతో ముగియదని ఈ కేసు వలన తెలుస్తున్నది. ఏ విధిని సంస్థ తప్పించుకొనజాలదో ముందుగానే తెలియజేయుట కూడా ఆ సలహాలో భాగమే.