పెట్టెలో దొరకని లారీ

హైదరాబాదు పాతనగరమున జంతుప్రదర్శనశాలకు దగ్గరగా బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం కలదు. ఇది 2010లో తెరువబడినది. పాత ఇనుప సామానునుండి కె. సుధాకర్ తన చేతులతో తయారుచేసిన వింత బండ్లు అచ్చట ఉన్నవి. క్రికెట్ బంతి రూపమున ఒకటి, బూటు రూపమున ఒకటి, ఇట్లు ఎన్నో. ఇవి చూచుటకే గాక నడచుటకు కూడ పనికివచ్చును. 2005 జూలై 1న ఆయన నగరములో తొక్కి చూపిన మూడు చక్రముల సైకిలు 12.67 మీటర్ల ఎత్తు గలది. దాని చక్రపు వ్యాసము 5.18 మీటర్లు. అది గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

మా కళాశాల విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయినప్పుడు వారిలో ఒకడు, "పెద్దగా చేయుట కష్టమా, చిన్నగా చేయుట కష్టమా, సార్?" అని అడిగినాడు. పెద్దగా చేయుటయే కష్టమని వెంటనే చెప్పితిని. ఆ జవాబు సగమే సరియైనదని తరువాత తెలిసినది.

నేను చెప్పిన కారణము 1638లో గెలీలియో తన గ్రంథమున వివరించినదే. ఒక వస్తువును అన్ని దిక్కుల పదింతలు పెంచినచో దాని బరువు వేయి రెట్లగును. కాని బరువును మోయు గొట్టపు అడ్డుకోత వైశాల్యము నూరు రెట్లే పెరుగును. కావున పెద్ద సైకిలు తన బరువునకు తానే వంగిపోవు ప్రమాద మున్నది. చిన్న నమూనాకు ఈ చిక్కు లేదు. అయిదు టన్నుల ఖాళీ లారీని అదే లోహముతో 25వ వంతునకు కుదించితి మనుకొందము. 25ను మూడుసార్లు హెచ్చించగా 15,625. అనగా దాని బరువు కేవలము 320 గ్రాములు. పుల్లవంటి ఇరుసు కూడ దానిని సులభముగా మోయును.

ఆ విద్యార్థి మరునాడు ఒక అట్టపెట్టె తెచ్చినాడు. అతని మేనమామ అమెరికానుండి పంపిన లారీ కిట్టు అది. పెట్టె నిండ ప్లాస్టిక్ భాగములు, ఒక కొలతల పటము. "బాగున్నది సార్, కాని ఇందులో మా నాయన లారీ లేదు" అన్నాడు. తండ్రి ఇరువది యేండ్లుగా నడుపుచున్న కొయ్యకేబిన్ టాటా లారీ ఆ నెలలోనే తుక్కు క్రింద అమ్ముడు కానున్నదట. అతడు చేయదలచినది ఆ లారీని.

ఇట్టి పెట్టెలో మన లారీ ఎందుకు లేదో తెలియవలె ననిన ఈ కిట్ల చరిత్ర కొంత తెలియవలెను. 1936లో ఇంగ్లండులో 'ఫ్రాగ్ పెంగ్విన్' అను పేర విమానముల ప్లాస్టిక్ కిట్లు వెలువడినవి. వాటి నిష్పత్తి 1/72, అనగా ఆరడుగులకు ఒక అంగుళము. అవి సెల్యులోజ్ అసిటేటుతో చేయబడినవి; ఆ పదార్థము కాలక్రమమున వంకరలు పోవును. ఈ చిక్కును తీర్చినది పాలిస్టైరీన్. దీనిని 1839లోనే బెర్లిన్ నగరమందలి ఎడ్వర్డ్ సైమన్ అను ఔషధ విక్రేత చూచెను గాని, ఇది పొడవైన అణుశృంఖలమని తెలియుటకు 1920లలో స్టౌడింగరు పరిశోధనలు జరుగవలసి వచ్చెను. కరిగిన పాలిస్టైరీన్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి ఎక్కించినచో అతి సన్నని గీతలు కూడ స్పష్టముగా పడును. 1949లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనాను చేసినది పిల్లలకొరకు గాదు, ట్రాక్టర్లు అమ్మువారికొరకు! అమెరికాలో ఏ.ఎం.టి. సంస్థయు మొదట కార్ల దుకాణములకే నమూనాలు చేసి యిచ్చినది. పీటర్‌బిల్ట్ వంటి పెద్ద లారీల కిట్లు 1/25 నిష్పత్తిలో 1970 ప్రాంతమున వచ్చినవి.

ఉక్కు అచ్చు మిక్కిలి ఖరీదైనది. ఒకే రూపము గల వస్తువు వేలకొలది అమ్ముడైననే ఆ ఖర్చు గిట్టును. మన లారీ చరిత్ర ఇందుకు భిన్నమైనది. బండి పరదేశమునుండి వచ్చుట మనకు క్రొత్త గాదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినప్పుడు స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ బండ్లను తెప్పించిరి. 1954లో టాటావారు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరులో లారీలు చేయసాగిరి. ఆ పొత్తు 1969లో ముగిసినది. అయితే ఫ్యాక్టరీనుండి తరచు బయటికి వచ్చినది చాసిస్, ఇంజను, ముందు ముఖము మాత్రమే. డ్రైవరు తలపాగా చుట్టుకొని, ఎండకు వానకు ఓర్చి దానిని బాడీ కట్టు షెడ్డుకు తోలుకొని పోయెడివాడు. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల వడ్రంగులు, కమ్మరులు, రంగులవారు కలిసి కేబిన్‌ను, సామాను తొట్టిని కట్టెడివారు. కావున ఏ రెండు లారీలును ఒక్కలాగున లేవు. పెద్ద లారీలన్నిటికి చల్లని గాలి యంత్రముగల కేబిన్ ఉండవలెనని 2023లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. డ్రైవర్ల ఆరోగ్యమునకు అది మంచిదే. కాని చేతితో కట్టిన కొయ్యకేబిన్ ఇక ఎంతోకాలము కనబడదు.

మేము టేపు తీసికొని ఆ లారీవద్దకు పోతిమి. ఇరుసుల మధ్య దూరము 4.2 మీటర్లు; నమూనాలో 168 మిల్లీమీటర్లు. అంగుళము మందముగల తొట్టి పలకకు ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ రేకు చక్కగా సరిపోయినది. చిక్కు వచ్చినది ఇనుప భాగములతోనే. బానెట్ రేకు మందము సుమారు ఒక మిల్లీమీటరు. నమూనాలో అది 0.04 మిల్లీమీటరు కావలెను. అంత పలుచని ప్లాస్టిక్ నిలువదు. అందుకని కంటికి కనబడు అంచును మాత్రము లోపలివైపునుండి గీకి పలుచన చేయవలెను. అమెరికా లారీకంటె మన కొయ్య లారీయే ప్లాస్టిక్‌నకు బాగుగా లొంగినదని నాకు తోచినది.

భాగములను కలుపు ద్రావకము జిగురువంటిది గాదు. అది రెండు ముఖములను కొంచెము కరిగించును. అణుశృంఖలములు ఒకదానిలో నొకటి చిక్కుకొనును. ద్రావకము ఆవిరి కాగానే రెండును ఒక్కటే ముక్కగును. ఆ ఆవిరిని పీల్చరాదు, కిటికీలు తెరచి ఉంచవలెను.

నేను చెప్పిన జవాబు సగమే సరియని ఇక్కడ తేలినది. నమూనాలో బరువు బొత్తిగా లేనందున కమాను పట్టీలు వంగవు. ఎంత సరుకు పెట్టినను లారీ గాలిలో తేలునట్లుండును! నిండు లారీ కనబడవలెనన్న పట్టీలను చేతితోనే చదును చేయవలెను, టైరు అడుగును కొంచెము అరుగదీయవలెను. బట్టయు అంతే. మామూలు గుడ్డ తార్పాలులాగ మడతలు పడక అట్టవలె నిలిచినది. గుల్జార్ హౌజువద్ద గాలిపటముల దుకాణమునుండి తెచ్చిన పలుచని కాగితమును నీరు కలిపిన జిగురులో తడిపి కప్పితిమి, అది సరిపోయినది. దుమ్ముకొరకు ఇసుక చల్లుట పొరపాటు. పదవవంతు మిల్లీమీటరు రేణువు అక్కడ రెండున్నర మిల్లీమీటర్ల గులకరాయిగా కనబడును. మేము సుద్దముక్కను మెత్తగా నూరి అద్దితిమి. దీపముల అద్దపు మెరుపునకు చార్మినారు ప్రాంతమున కొట్టెడు వెండి వరఖు వాడితిమి. తినుబండారములపై అంటించు ఆ రేకు మందము మైక్రానుకు లోపే కదా! సగము ఆరిన వార్నిష్‌పై అది ముడతలేక అంటుకొన్నది. మొదటి రెండు రేకులు నా ఊపిరికే ఎగిరిపోయినవి.

లారీ అమ్ముడైన పది దినములకు ఒక లోపము బయటపడినది. తొట్టి క్రింద వ్రేలాడు పనిముట్ల పెట్టెను కొలుచుట మరచితిమి. విద్యార్థి తండ్రిని అడిగితిమి. ఆయన అడుగుల లెక్క చెప్పలేదు. గాలిలో చేయి చాపి, "మూడు జానలు" అని చూపినారు. ఆయన జానను కొలువగా 22 సెంటీమీటర్లు వచ్చినది. మూడు జానలు 66. నమూనాలో ఆ పెట్టె పొడవు 26 మిల్లీమీటర్లుగా కోసితిమి.