దొరను పల్లెలకు తిప్పిన శెట్టిగారు

అక్టోబరు 2 అంటే మనకు గాంధీ జయంతే. 1844లో అదే రోజున మద్రాసులో ఓ తెలుగు వర్తకుడు ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక మొదలుపెట్టారు. చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఆ రోజుల్లో రాజధాని మద్రాసే కాబట్టి ఆయన మనకూ కావలసినవాడే.

తిరుమల గోడల మీద పల్లవుల కాలం నుంచి వెయ్యికి పైగా శాసనాలున్నాయి. ఎవరు ఏ ఊరిచ్చారో, ఎవరు ఎంత బంగారమిచ్చారో అన్నీ చెక్కారు. శిస్తు కట్టలేని రైతు ఒళ్లు ఏమైందో చెక్కినవాడు లేడు. 1801లో ఆర్కాటు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. కొండమీది రాబడిని కూడా 1843 దాకా వాళ్లే చూసుకున్నారు.

‘క్రెసెంట్’ పెట్టిన ఆ వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. నీలిమందు, గుడ్డల వ్యాపారం. శెట్టిగారు దొరల భాషలోనే దొరలను నిలదీశారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు.

మరుసటి ఏడు బ్రిటిష్ ఎంపీ డాన్బీ సేమర్ మద్రాసు వచ్చాడు. శెట్టిగారు ఆయన్ని విందులతో సరిపెట్టి పంపలేదు. శిస్తు వసూళ్ల తీరు చూపించడానికి వెంటబెట్టుకుని కడలూరు, కుంభకోణం వైపు తిప్పారు. రైతు శిస్తు బకాయి పడితే సర్కారు నౌకర్లు రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కేవారు, దాన్నే కిట్టి అనేవారు. మెడకూ కాలి బొటనవేలికీ తాడు కట్టి, వంగిన వీపు మీద బండ పెట్టి ఎండలో నిలబెట్టేవారు. సేమర్ 1854లో పార్లమెంటులో ఈ సంగతి ఎత్తాడు. సర్కారు విచారణ సంఘం వేయక తప్పలేదు. వందల మైళ్లు నడిచొచ్చి మరీ చెప్పుకున్నారు జనం. నిజమేనని 1855 నివేదిక ఒప్పుకుంది. ఒక పత్రికాధిపతికి ఇంతకన్నా పెద్ద వార్త ఏముంటుంది!

అలాగని శెట్టిగారి పనులన్నీ ఈనాటి మనకు రుచించవు. మతం మారినవాడికి పిత్రార్జితంలో వాటా దక్కనివ్వొద్దన్న పోరాటంలోనూ ఆయన ముందున్నారు. 1863లో సర్కారు ఆయనకు మద్రాసు శాసనమండలి సభ్యత్వమిచ్చింది. సొమ్మంతా ప్రజాకార్యాలకు పోసి 1868లో పేదగా కన్నుమూశారు.

తర్వాతి కథ ఇంత సాఫీగా సాగదు. 1859 చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసును శిస్తు వసూలు చేసే రెవెన్యూ శాఖ నుంచి విడదీశారు. కంపెనీ పోయింది, దొరలూ పోయారు. లాకప్ మరణాల వార్తలు మాత్రం పోలేదు. చిత్రహింసల నిషేధంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది. దానికి ఆమోదముద్ర ఇంకా వేయలేదు.