పెట్రోలు పంపు పుట్టుపూర్వోత్తరములు

పల్లమునకు నీరు తనంత తానే పాఱును. మెరకకు ఎక్కవలెనన్న ఏతామో మోటయో కావలెను. మోటారుబండి చరిత్రయందును ఈ న్యాయమే వర్తించినది. తొలినాళ్ల బండ్లలో పెక్కింటికి పెట్రోలు తొట్టి కార్బురేటరుకంటె ఎత్తున నుండెడిది. పెట్రోలు తన బరువుచేతనే క్రిందికి దిగెడిది. 1908 మొదలు 1927 వఱకు అమెరికాలో నిర్మాణమైన ఫోర్డు ‘మోడల్ టి’ బండికి తొట్టి పెక్కేండ్లు సీటుక్రిందనే యుండెను. నిటారైన కొండ నెక్కునప్పుడు బండి ముందుభాగము పైకి లేచును. కార్బురేటరు తొట్టికంటె ఎత్తగును. తొట్టిలో పెట్రోలు తక్కువైయున్నచో యంత్రము ఆగిపోవును. అట్టిచోట నడుపువారు బండిని వెనుకకు మరలించి, వెనుకనడక గేరులో కొండ నెక్కించెడివారు!

వేగము పెరిగిన కొలది బండి ఎత్తు తగ్గింపవలసి వచ్చినది. సీటు దిగినది, తొట్టి వెనుకకు పోయినది. ఇక పెట్రోలు ముందుకు వచ్చుట యెట్లు? మూడు ఉపాయములు పుట్టినవి. తొట్టిలోనికి గాలి నెక్కించి ఆ యొత్తిడిచే పెట్రోలును ముందుకు త్రోయుట మొదటిది. నాటి పందెపుబండ్లలో నడుపువాని ప్రక్క కూర్చున్న సహాయకుడు చేతిపంపుతో గాలి కొట్టుచుండెడివాడు. యంత్రము గాలి పీల్చుకొను బలముచేతనే పెట్రోలును ఒక చిన్న తొట్టిలోనికి లాగుకొనుట రెండవది. కాని దీర్ఘమైన ఎగుడుదారిలో, పూర్తిబలముతో నడచునపుడు, ఆ పీల్పు సన్నగిల్లును. అనగా పెట్రోలు మిక్కిలిగా కావలసినప్పుడే అది అందక పోయెడిది. మూడవది పంపు. అందు యంత్రముచే నడచునది యొకటి, విద్యుత్తుచే నడచునది వేఱొకటి.

విద్యుత్పంపు అనగానే ఇంగ్లండు క్రీడాబండ్ల ప్రియులకు ‘ఎస్.యు.’ అను రెండక్షరములు జ్ఞప్తికి వచ్చును. స్కిన్నర్స్ యూనియన్ అను పేరునకు ఇవి పొడియక్షరములు. చెప్పుల వ్యాపారపు కుటుంబమున పుట్టిన జార్జి హెర్బర్టు స్కిన్నరు, అతని తమ్ముడు కార్లైలు దీనికి మూలపురుషులు. వారి తొలి కార్బురేటరులో తోలుతిత్తి యుండెడి దనుట వింతగా తోచదు. 1926లో ఈ సంస్థ మోరిస్ వశమైనది. అందుచేతనే మోరిస్ కుటుంబమునకు చెందిన ఎం.జి. బండ్లలో ఎస్.యు. పంపులు పాతుకొనినవి.

ఆ పంపులోని నేర్పు చిత్రమైనది. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగనే అయస్కాంతబలము ఒక సన్నని పొరను వెనుకకు లాగును. పెట్రోలు లోనికి వచ్చును. లాగుడు ముగియు క్షణమున ఒక చిన్న మీట విద్యుత్తును త్రెంచును. అప్పుడు స్ప్రింగు పొరను ముందుకు త్రోయును. పెట్రోలు కార్బురేటరునకు పోవును. మరల విద్యుత్తు తగులును. ఆ టకటక శబ్ద మిదియే. కార్బురేటరు గిన్నె నిండినచో పొర కదలజాలదు. పంపు తానే మౌనము వహించును. త్రోయునది విద్యుత్తు గాదు, స్ప్రింగు. కావున ఒత్తిడి ఎప్పుడును మితిలోనే యుండును.

ఈ మర్మ మెఱిగినవానికి పంపుయొక్క రోగమును చెవియే చెప్పును. తాళము త్రిప్పగనే కొంతసేపు కొట్టుకొని ఆగినచో ఆరోగ్యము. ఎడతెగక వడివడిగా కొట్టుకొనుచు పెట్రోలు రాకున్నచో, తొట్టి వట్టిదైనను కావలెను, గొట్టములో గాలి చొరబడినను కావలెను. యంత్రము నడవకున్నను నడుమ నడుమ కొట్టుకొనుచున్నచో, ఎక్కడనో పెట్రోలు జారిపోవుచున్నది. అసలు పలుకకున్నచో విద్యుత్తు తగులు మొనలు మాడియుండవచ్చును. లేదా భూసంధానపు తీగ తుప్పుపట్టి యుండవచ్చును. ఈ తీగను చూడకయే ‘పంపు చచ్చినది’ అని పారవేయుట తొందరపాటు.

నిజముగా మార్చవలసివచ్చినచో, మొదట గుర్తింపు. 1945 నుండి 1949 వఱకు వెలువడిన ఎం.జి. ‘టి.సి.’ బండికి తొట్టి వెనుక నున్నను, పంపు ముందు, యంత్రము వెనుకనున్న అడ్డుపలకమీద నుండును. అది దూరమునుండి పెట్రోలును పీల్చును. ఎండలో, యంత్రపువేడిలో, పీల్పునకు లోనైన పెట్రోలు సులభముగా ఆవిరియగును. ఆవిరిని పంపు త్రోయలేదు. అందుచేత తరువాతి బండ్లలో పంపును తొట్టిదాపునకు మార్చి, పీల్చుటకు బదులు త్రోయునట్లు చేసిరి. 1962 నుండి 1980 వఱకు ఐదులక్షలకు పైగా తయారైన ‘ఎం.జి.బి.’లో పంపు వెనుకభాగముననే కలదు. త్రోయు పంపునకు ఒత్తిడి హెచ్చు. దాని తీగచుట్ట డిబ్బియు పొడుగు. దానిని తెచ్చి పీల్చుపంపు స్థానమున బిగించినచో, కార్బురేటరులోని సూదికవాటము ఆ యొత్తిడికి ఓర్వక పెట్రోలును పొర్లించవచ్చును. ఎం.జి.బి. వంటి బండ్లలో కార్బురేటరుల క్రిందనే కాగిన పొగగొట్టము కలదు. పర్యవసానము చెప్పనక్కఱలేదు.

రెండవ జాగ్రత్త విద్యుత్తునకు సంబంధించినది. 1967 వఱకు ఎం.జి.బి.లో బ్యాటరీ ధనధ్రువము బండిశరీరమునకు కలుపబడెడిది. ఆ తరువాత ఋణధ్రువము. పాతమొనల పంపులలో కొన్నింటికి ఈ భేదము పట్టదు. మొనలు లేని నేటి ఎలక్ట్రానిక్ పంపునకు మాత్రము తారుమారు ప్రాణాంతకము. మార్చువారు ముందుగా బ్యాటరీ తీగ విప్పవలెను. దరిదాపుల నిప్పు, బీడీ పనికిరావు. విప్పిన గొట్టమునకు బిరడా వేయవలెను. పగిలిన పాతరబ్బరు గొట్టములను క్రొత్తపంపునకు తగిలించుట క్రొత్తకుండకు చిల్లిమూకుడు పెట్టుట వంటిది.

తీసిన పంపును మాత్రము పారవేయరాదు. దానిమీది చిన్న రేకులో సంఖ్య కలదు. అది యే బండికి, ఏ కాలమున, ఏ యవసరమునకు పుట్టినదో ఆ సంఖ్య చెప్పును. శాసనములను రాళ్లమీదనే వెదకుట మనకు అలవాటు. యంత్రయుగము తన శాసనములను ఇట్టి రేకులమీద వ్రాసి పోయినది. వానిని చదువక మార్చినవాడు బండిని నడిపింపగలడేమో కాని, చరిత్రను నిలుపలేడు. చదివి మార్చినవాడు రెండింటిని దక్కించుకొనును.